సాయంత్రానికి ఇస్తానన్న బండి

సాయంత్రం ఐదింటికి ఫేబీ గ్యారేజ్‌లో అడుగుపెట్టేసరికి ఆమె పాత వ్యాను లిఫ్టు మీద ఉంది. ఇంజన్ విప్పేసి ఉంది. పీకిన సామానంతా కింద అట్టల మీద పరిచి ఉంది.

ఫేబీ పరుగున లిఫ్టు దగ్గరికి వెళ్ళింది.

"ఇదేంటంకుల్? ఆయిల్ మార్చమనే కదా ఇచ్చాను!"

జ్ఞానశేఖర్ గారు చేతులు తుడుచుకుంటూ నవ్వారు. ఘనకార్యం చేసిన మనిషి నవ్వు అది. కెనడాలోని ఈ ఒషావాలో ఆయన గ్యారేజ్ పెట్టి ఇరవయ్యేళ్ళు. ఈ రెండేళ్ళుగా వాకిలి నిండా స్టూడెంట్లు కొనుక్కున్న డొక్కు బళ్ళే. వాళ్ళలో ఫేబీ వేరు. తెనాలిలో వాళ్ళ చర్చి పిల్ల, చిన్ననాటి స్నేహితుడి కూతురు. ఆ పిల్ల బండికి ఉత్త ఆయిల్ మార్చి పంపేస్తే ఆయనకి అన్నం సహిస్తుందా?

"లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరిగిందమ్మా. టైమింగ్ బెల్టు ఒక్కసారీ మార్చలేదు. అది తెగితే ఇంజనే పోతుంది. అందుకే మేజర్ సర్వీస్ మొదలెట్టేశా. నా తరఫున అనుకో."

"ఎంతసేపు పడుతుంది?"

"వాటర్ పంపు కూడా కారుతోంది. కొత్తది రేప్పొద్దున వస్తుంది. మధ్యాహ్నానికల్లా ఇచ్చేస్తా."

రేపు! ఫేబీ తలుపు వైపు చూసింది. బయట మైనస్ పద్దెనిమిది.

"ఇవాళే కావాలంకుల్. పాత పంపే పెట్టి బిగించేయండి. ప్లీజ్, మీ కాళ్ళు పట్టుకుంటా."

"తప్పమ్మా. ఈ చలిలో దారిలో ఆగిపోతే ఏమైపోతావు?"

ఫేబీకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"పొద్దున ఆరింటికి షిఫ్టు. వెళ్ళకపోతే జాబ్ పోతుంది."

"ఓస్, అంతేనా! ఐదున్నరకి మీ ఇంటిముందుంటా. నేను దింపుతాగా."

ఆ మంచితనానికి ఆమెకి ఒళ్ళు మండింది. బయటికెళ్ళి ఇద్దరు ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసింది. ఒకరు ఎత్తలేదు. ఇంకొకరు సారీ చెప్పి పెట్టేశారు.

తిరిగొచ్చి తన బ్యాగూ రగ్గూ ఇమ్మంది. అంకుల్ లిఫ్టు కాస్త దించి తీసిచ్చారు.

"వెనక సీట్లేవమ్మా?"

"అడ్డంగా ఉన్నాయని తీయించేశా."

"ఈ రగ్గు?"

"లాండ్రీకి."

"ఆంటీ రెజైనాలో మా అమ్మాయి షెర్లీ పురిటికి వెళ్ళింది. లేకపోతే ఈ పూట మా ఇంటికే తీసుకెళ్దును. పద, ఇంటి దగ్గర దింపుతా."

"బస్సులో వెళ్తానంకుల్."

"ఈ చలిలోనా! మీ నాన్నకి ఏం సమాధానం చెప్పను? మొన్న ఫోన్లో ఒకటే మురిసిపోయాడు. నీ రూమ్ కిటికీలోంచి లేక్ కనపడుతుందటగా."

నిజం చెప్పేద్దామని ఫేబీ నోరు తెరిచింది. అంకుల్‌కి చెబితే ఆదివారంలోగా తెనాలి చర్చి మొత్తానికి తెలుస్తుంది. నాన్న తలెత్తుకు తిరగలేడు. తెరిచిన నోరు మూసేసింది.

కార్లో కుడి, ఎడమ అంటూ దారి చెబుతూ పోయింది. ఒక వీధిలో, గుమ్మంలో లైటున్న ఇంటి ముందు "ఇక్కడే" అంది.

బ్యాగు తగిలించుకుని, రగ్గు చంకన పెట్టుకుని దిగింది.

"థాంక్స్ అంకుల్. ఇంక మీరు వెళ్ళండి."

"నువ్వు లోపలికి వెళ్ళందే నేను కదలను. ఆడపిల్లని వాకిట్లో వదిలేసి పోతానా?"

ఫేబీ మెట్లెక్కింది. వెనక్కి తిరిగి చూసింది. అంకుల్ చెయ్యి ఊపారు, కారు మాత్రం కదల్లేదు.

ఆగస్టు నుంచి తను ఉంటున్న ఇల్లు అక్కడ గ్యారేజ్‌లో లిఫ్టు మీద ఉంటే, ఫేబీ ఎవరిదో కూడా తెలియని ఆ ఇంటి బెల్లు నొక్కింది.