గొడుగాయన నిలబడ్డ కొండ

"మీరు నా వెంట ఎందుకు పడుతున్నారు?"

టకటకా టైపు కొట్టి, కంప్యూటరు తెరకేసి కోపంగా చూసింది దర్జీ అక్క.

ఆటలో, ఎదురు కొండ మీద, ఎప్పట్లాగే గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు ఆ మనిషి. అక్కడ వాన పడదు. అయినా గొడుగు దించడు.

"వెంట పడటం లేదమ్మా. ఇక్కడ నిలబడ్డానంతే," అని జవాబు వచ్చింది.

ఊళ్లు, అడవులు, సరస్సులు ఉన్న పెద్ద లోకం అది. ఒకప్పుడు ఆడేవాళ్లతో కిటకిటలాడేదట. ఇప్పుడు అంగళ్లలో దీపాలు వెలుగుతుంటాయి, మనుషులుండరు. తోస్తే తలుపులు తెరుచుకుంటాయి, ఎవరూ పలకరించరు. మొదట్లో ఆమెకు ఒళ్లు జలదరించేది.

అయినా వెళ్లేది. తమ్ముడు పోయాక మిగిలినవి అతని కంప్యూటరూ, ఈ ఆటా, ఒక మాటా.

"అక్కా, అందులో నీకోసం ఒకటి కట్టాను. ఎక్కడో చెప్పను."

"చెప్తే నీ సొమ్మేం పోతుందిరా?"

"చెప్తే ఇంకేముంది? అక్కడ కనిపించే కొండలన్నీ ఎక్కొచ్చక్కా. దారి తప్పి చూడు. తప్పినచోటే బాగుంటుంది."

ఆసుపత్రి మంచం మీద కూడా వాడికి వేళాకోళమే.

మధ్యాహ్నం కొట్టులో బేరాలు లేనప్పుడల్లా ఆమె దారి తప్పేది. వాగు వెంట పోతే జలపాతం, దాని వెనక గుహ. ఇక్కడ తమ్ముడు నిలబడే ఉంటాడని అనిపించేది. కాసేపు దుఃఖం మరిచిపోయేది.

ఏం వెతుకుతున్నావమ్మా అని గొడుగాయన అడిగితే ఒకసారి అంతా చెప్పేసింది. అప్పట్నుంచీ అతను ఆ కొండ వదల్లేదు, ఆమె ఎటు తిరిగినా ఆ గొడుగే కనబడేది.

"ఊరంతా ఖాళీ, ఆయనొక్కడే. మనిషో దెయ్యమో ముందు కనుక్కో," అని భర్త ఆటపట్టించాడు.

ఆమెకు నవ్వు రాలేదు. ఆ కొండ తప్ప అన్ని దిక్కులూ గాలించింది.

"మీరుంటే నాకు భయంగా ఉంది. దయచేసి ఇక్కడికి రాకండి," అని రాసింది చివరికి.

జవాబు వచ్చింది.

"సరేనమ్మా. నిదానంగా వెతుక్కో. తొందరేం లేదు."

గొడుగు కొండ దిగి వెళ్లిపోయింది. మళ్లీ కనిపించలేదు.

కొన్నాళ్లకు, మిగిలింది అదొక్కటే కాబట్టి, ఆమె ఆ కొండ ఎక్కింది.

బండ చాటున చిన్న కొట్టు. లోపల కుట్టుమిషను, సరస్సు వైపు కిటికీ, దాని ముందు రెండు స్టూళ్లు. తలుపుకి పలక వేలాడుతోంది.

"అక్క కొట్టు. ఈరోజు సెలవు."

ఆమె ఏనాడూ సెలవు తీసుకోలేదని తమ్ముడు పోరుపెట్టేవాడు. తన కొట్టులో, తన మిషను మీద తల పెట్టుకుని భోరున ఏడ్చింది.

ఏడుపు ఆగాక వెలిగింది. గొడుగాయన రోజూ నిలబడింది సరిగ్గా ఈ బండ పక్కనే. చెప్పకుండా చూపించాడు. తనేమో పొమ్మంది.

కిటికీలోంచి చూస్తే కింద గొడుగు. మెల్లగా కొండెక్కుతోంది.

ఆమె గబగబా రాసింది.

"దొరికిందండీ. మిమ్మల్ని అనరాని మాటన్నాను. మనసులో పెట్టుకోకండి."

"నేను ఆయన కూతుర్నండీ. నాన్న పోయారు."

ఆమె ఆ మాట రెండోసారి చదువుతుండగానే కింద ఇంకొకటి వచ్చింది.

"మీరు కనిపిస్తే అడగమన్నారు. మీ తమ్ముడు కట్టింది దొరికినట్టేనా?"

"దొరికింది. ఆయన దయవల్లే."

"అయితే ఇక ఆపేయొచ్చు కదండీ? మేం ఇల్లు ఖాళీ చేస్తున్నాం."

"ఏమిటి ఆపేది?"

"నాన్న కంప్యూటరండీ. కంపెనీ ఈ ఆటని ఎప్పుడో మూసేసింది. 'ఆ అమ్మాయి వెతుకులాట అయ్యేదాకా ప్లగ్గు పీకొద్దు' అని మాకు చెప్పి, నాన్నే ఈ లోకాన్నంతా మా వెనకగదిలో నడుపుతూ వచ్చారు."