కొత్తమనిషి దగ్గరికి వెళ్లే పద్ధతి

“ఈ ఆటలో ఒక కొత్తమనిషి దగ్గరికి, అతను కాల్చకుండా, ఎలా వెళ్లాలి?”

వీధంతా బాబాయి అని పిలిచే ఆ గేమ్ సెంటర్ యజమానిని పదిహేనేళ్ల వ్యాపారంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎలా చంపాలో అడిగేవాళ్లే అందరూ. అడిగినావిడకి ముప్పై దాటి ఉంటాయి. పక్కవీధి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ముంజేతుల మీద కాలిన మచ్చలు.

“ఇది ఫోన్లో ఆడే ఆట కాదమ్మా. పెద్ద కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చోవాలి.”

“తెలుసు. అందుకే వచ్చాను.”

ఆట పేరు కూడా ఆమే చెప్పింది. మంచుకొండలు, అడవి, ఆకలి. దొరికింది తిని, గుడిసె వేసుకుని బతకాలి. ఎదురుపడే ప్రతి మనిషీ ఎక్కడో ఒకచోట కూర్చుని ఆడుతున్న నిజం మనిషే. అంతమందిలోనూ ఆమెకి కావలసింది ఒక్కడే. ఆటలో వాడి పేరు గద్ద.

బాబాయికి అర్థమైపోయింది. ఎవడి గొంతో విని మనసు పారేసుకుంది పిచ్చిపిల్ల. అయినా నేర్పాడు.

“కనపడ్డాడు కదా అని ఎగబడకు. చెట్టు చాటున ఉండి చూడు. చేతిలో ఏముంది, పక్కన ఎవరున్నారు. తుపాకీ వీపుకి తగిలించుకో. వెనకనుంచి వెళ్లావా, పోయావే. ఎదురుగా, దూరంగా నిలబడి చేతులెత్తు. ఏదన్నా కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరుగు. నీ గుడిసె ఎక్కడుందో మాత్రం ప్రాణం పోయినా చెప్పకు.”

“అది చెప్పను బాబాయ్,” అంది.

మొదటి వారంలోనే గద్ద ఆమెని తొమ్మిదిసార్లు చంపాడు. చంపిన ప్రతిసారీ నవ్వేవాడు. ఆ నవ్వు హెడ్‌ఫోన్ దాటి కౌంటర్ దాకా వినిపించేది. ఆమె మౌస్ వదిలి చీరకొంగుతో అరచెయ్యి తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టేది.

పదోసారి కనపడేసరికి గద్ద కాలు విరిగి ఉన్నాడు. ఆమె చేతులెత్తింది. కట్టుగుడ్డ మంచు మీద పెట్టి వెనక్కి జరిగింది. గద్ద చాలాసేపు తుపాకీ దించలేదు. ఆఖరికి దించాడు.

“ఎవరు తమ్ముడూ నువ్వు?”

ఆమె మైకు వైరు ఊడబీకేసింది. ‘మైకు పాడైందన్నా’ అని టైపు చేసింది.

అక్కణ్ణించి మధ్యాహ్నం మూడున్నర కొట్టేసరికి ఠంచనుగా వచ్చి కూర్చునేది. ఇద్దరూ కలిసి వేటాడేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు. గద్ద మాటకారి. వెన్న రాసినట్టుండేవి మాటలు. “నువ్వు రాకపోతే తోచట్లేదు తమ్ముడూ,” అనేవాడు. ఒకసారి తన గుడిసెలో దోచుకుపోయినవాడి సంగతి చెప్పాడు. “మూడు రోజులు వాసన పట్టి దొరకబుచ్చుకున్నా. నా వస్తువు పట్టుకుపోయినవాళ్లని నేను వదలను.”

నాలుగుంబావు ప్రాంతంలో ఆమె ఫోన్ మోగేది. “సరే” అని ఒక్క మాటే అనేది. సగం కోసిన దుప్పిని అక్కడే వదిలేసి లేచిపోయేది.

“ఇంట్లో మొగుడై ఉంటాడు,” అంది బాబాయి భార్య మూతి తిప్పుతూ. “పెళ్లయినదానికి ఇదేం పోయేకాలం?”

బాబాయి ఉండబట్టలేకపోయాడు. “అమ్మాయ్, ఆటలో నెమ్మదస్తుడైతే బయటా నెమ్మదస్తుడని లేదు. ఇలాంటివాళ్లు కొంపలు ముంచుతారు.”

“ముంచుతారు బాబాయ్,” అంది ఆమె, తెరమీంచి కళ్లు తిప్పకుండా.

రెండు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం ఆమె గద్ద గుడిసెలో అడుగుపెట్టగానే వాడి గొంతులో తొందర వినపడింది.

“ఇవాళ ఆడను తమ్ముడూ. బయట పనుంది. ఎన్నాళ్లనుంచో వాయిదా పడుతోంది.”

ఆమె వేళ్లు టకటకలాడాయి. ‘ఒక్క అరగంట ఉండన్నా.’

“కుదరదు.”

‘నా తుపాకీ ఇచ్చేస్తా. తిండంతా నువ్వే తీసుకో.’

“ఏంట్రా, పెళ్లాంలా బతిమాలుతున్నావు?” గద్ద పడీపడీ నవ్వాడు. “పోతున్నా.”

పొయ్యి పక్కన వాడి సంచీ ఉంది. నెలల తరబడి కూడబెట్టిందంతా అందులోనే. ఆమె దాన్ని భుజాన వేసుకుని బయటికి దూకింది. పరిగెడుతూనే టైపు చేసింది. ‘చేతనైతే పట్టుకో.’

మరుక్షణం హెడ్‌ఫోన్ బద్దలయ్యేలా బూతులు.

“ఇదేం పనమ్మా!” బాబాయి ఆమె కుర్చీ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. “నమ్మినవాడి సంచీ ఎత్తుకుపోతావా? రెండు నెలల కష్టం బూడిదలో పోశావు కదా!”

ఆమె అడవి దాటింది. గడ్డకట్టిన ఏరు దాటింది. తూటాలు చెవి పక్కనుంచి పోతున్నాయి. చిత్రమేమిటంటే, దూరం పెరిగినప్పుడల్లా ఆగేది. కొండరాయి మీదికెక్కి వాడికి కనపడేది. వాడు అరుస్తూ వస్తుంటే మళ్లీ పరుగు.

నాలుగైంది. నాలుగుంబావైంది. ఫోన్ మోగలేదు. ఆమె పెదవి కొరుక్కుంటూ పరిగెత్తుతూనే ఉంది.

నాలుగున్నరకి కొండ అంచున దొరికిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని చేతులెత్తింది. గద్ద కాల్చాడు. పడిపోయినా కాలుస్తూనే ఉన్నాడు. తిడుతూనే ఉన్నాడు.

అప్పుడు మోగింది ఫోన్.

“సరే,” అంది. హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. తెరమీద ఆమె మంచులో చచ్చిపడి ఉంది. కుర్చీలో ఆమె నవ్వుతూ ఏడుస్తోంది.

“ఏమైందమ్మా నీకు?” అన్నాడు బాబాయి.

“మా పాప ఇల్లు చేరింది బాబాయ్... వాళ్ల నాన్న ఇక్కడ నన్ను తరుముతున్నంతసేపూ బడి గేటు దగ్గర కాపు కాయలేడు.”