గీత పడని పూత

“నల్లరంగే వెయ్యి భాయ్. తుపాకీ అన్నాక నల్లగా ఉంటేనే అందం,” అన్నాడు యోబు సార్, రివాల్వర్‌ను బల్లమీద పెడుతూ.

అది పరుగు పందేలు మొదలుపెట్టడానికి పేల్చేది. చప్పుడూ పొగా తప్ప గుండు రాదు. బాపట్లలో ఆటల మాస్టారైన యోబు సార్ ఏటా స్కూళ్ల పోటీల్లో దాన్నే పేలుస్తాడు. సముద్రపు గాలికి తుప్పు పట్టిందని పోయిన ఏడాది రేపల్లెలో సైకిళ్లకు రంగులేసే మనిషి చేత నల్లరంగు వేయించాడు. నెల తిరక్కుండా పెచ్చులూడింది. తెనాలిలో సైదావలి పూత వేస్తే మనవల కాలం దాకా ఉంటుందని ఎవరో చెబితే ఇలా వచ్చాడు.

సైదావలి రివాల్వర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. “నలుపొద్దండి. హార్డ్ క్రోమ్ వేస్తాను. అద్దంలా మెరిసిపోద్ది. మేకుతో గీసినా గీత పడదు.”

“చప్పుడుకి రంగుతో పనేంటి?”

“మీ గ్రౌండు వెనక సరుగుడు తోపుంది కదండి. నల్లదైతే అందులో కలిసిపోద్ది. నా పనితనం కనపడొద్దా?”

మూల కూర్చుని ఇత్తడి కుందులు తుడుస్తున్న అమ్మాయిని యోబు సార్ ఏం చదువుతున్నావని అడిగాడు. ఆ పిల్ల తలెత్తలేదు. పదో తరగతని, పేరు ఆసియా అని ఆమె తండ్రి సైదావలే చెప్పాడు. రెండేళ్లుగా వందమీటర్ల పందెంలో ఒక్క అడుగు తేడాతో ఓడిపోతోందట. స్కూల్లో ఇదే ఆఖరి ఏడాది.

యోబు సార్‌కు గుర్తొచ్చింది. “అందరూ బయల్దేరాక బయల్దేరే పిల్లేనా? కలలు కంటూ నుంచుంటుంది భాయ్.”

సైదావలి రివాల్వర్‌ను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. తన గురించి ఎవరికీ ఏమీ చెప్పొద్దని, ఎవరి సాయమూ అడగొద్దని ఆసియా ముందే మాట తీసుకుంది. పూతకు డబ్బులొద్దన్నాడు. యోబు సార్‌కు అనుమానం వచ్చింది.

“పందెంలో ఏమైనా చూసీ చూడనట్టు పొమ్మంటావా ఏంటి?”

“అయ్యో, లేదండి. పేల్చేటప్పుడు చెయ్యి బాగా పైకెత్తండి, చాలు.”

ఈ మనిషికి తన పనంటే ఇంత గొప్పేంటని యోబు సార్ దారంతా నవ్వుకున్నాడు.

పోటీల రోజు ఎండ బాగా కాసింది. ఎనిమిది మంది అమ్మాయిలు గీత మీద నిలబడ్డారు. ఏడుగురు ముందుకు చూస్తున్నారు. ఆసియా ఒక్కతే మెడ తిప్పి యోబు సార్ చేతిని చూస్తోంది. తండ్రి పనితనం చూసుకుని మురిసిపోతోంది, ఈసారీ ఓడినట్టే అనుకున్నాడాయన.

చెయ్యెత్తాడు. సరుగుడు తోపు ముందు రివాల్వర్ తెల్లగా తళుక్కుమంది. వేలు నొక్కగానే దాని వెనకున్న చిన్న సుత్తి మెరుస్తూ పడింది.

ఆసియా అందరితో పాటే కదిలింది. సగం దూరం వచ్చేసరికి ఆమె ముందు ఎవరూ లేరు.

దారం తెంపిన కూతురిని సైదావలి చిన్నపిల్లలా ఎత్తుకుని తిప్పాడు. యోబు సార్ నవ్వుతూ వచ్చి ఆమె చేతికి రివాల్వర్ ఇచ్చాడు. ఆసియా చున్నీ అంచుతో దాని పొగ మరక తుడిచింది. పూత చెక్కు చెదరలేదు. అందులో తన మొహం చూసుకుని నవ్వింది.

“పూత సంగతేమో గానీ భాయ్, ఇవాళ చప్పుడు అదిరింది. అందుకే కలలోంచి లేచింది మీ అమ్మాయి,” అన్నాడు యోబు సార్.

ఆసియా పుట్టినప్పట్నుంచీ ఏ చప్పుడూ వినలేదు.