మట్టి మెత్తిన గదులు

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు గూళ్లు అల్లి అమ్ముకునేవాడు. వానాకాలం రాకముందే ఎవరికి ఎలాంటి గూడో తేల్చేసుకునేవాడు. చిలకలకు మూడు గదులది, మూడు కంకులు. గోరింకలకు రెండు గదులది, రెండు కంకులు. పిచ్చుకలకు ఒక గది, ఒక కంకి.

నిజానికి అల్లిక ఒక్కటే. అన్నీ మూడు గదుల గూళ్లే. చవక గూళ్లలో మిగతా గదుల గుమ్మాలకు బంకమట్టి మెత్తేసేవాడు, అంతే.

"ఈ మట్టి ఎందుకు మామా?" అని అడిగింది గుడ్లు పెట్టబోతున్న పిచ్చుక.

"గాలికి గూడు ఊగకుండా బరువమ్మా. నీకని ఊరికే వేశాను."

పిచ్చుక దణ్ణం పెట్టి మరీ వెళ్లింది.

పెద్ద వానకు మట్టి నాని ఊడిపోయింది. లోపల రెండు గదులు బయటపడ్డాయి. పిచ్చుక పిల్లల్ని ఒక గదిలో పడుకోబెట్టి, మొగుణ్ణి ఇంకో గదిలోకి తోసేసి, హాయిగా కాళ్లు చాపుకుంది.

అది చూసి చిలక గిజిగాడి మీద విరుచుకుపడింది. "మూడు కంకులిచ్చి నేను కొన్నదీ, ఒక్క కంకికి అది కొన్నదీ ఒకటేనా? సిగ్గు లేదూ నీకు?"

"మట్టి లేని గూడు అడిగావు, ఇచ్చాను. నీ గూట్లో మట్టి ఉందా?" అన్నాడు గిజిగాడు.

మరుసటి ఏడు చిలకలతో సహా అందరూ మట్టి గూడే కావాలని వరస కట్టారు. అందరికంటే ముందు పిచ్చుక నిలబడింది.

"దానికేం భాగ్యం!" అన్నాడు గిజిగాడు. "మట్టి గూడు నాలుగు కంకులు. మట్టి లేనిదైతే మూడే."