బావిలో ముళ్లపంది

“ఈ పుస్తకానికి బహుమతి ఇచ్చేటట్టయితే నేను సంతకం పెట్టను. ఇది దొంగకథ,” అంది న్యాయనిర్ణేతల్లో ఒకతైన రబాబ్.

హాల్లో అందరూ గతుక్కుమన్నారు. రచయిత హాజీ హమ్మాది అప్పుడే కథ ముగించి పుదీనా టీ గ్లాసు అందుకున్నాడు. రబాత్ నగరంలో ఇచ్చే ఆ పిల్లల పుస్తకాల బహుమతికి ఒక ఆనవాయితీ ఉంది. చివరి వడపోతలో నిలిచిన రచయిత న్యాయనిర్ణేతల ముందు కూర్చుని, పుస్తకం ముట్టుకోకుండా తన కథ తానే చెప్పాలి. పట్టపగలు కథ చెబితే చెప్పినవాడి పిల్లలకు బట్టతల వస్తుందంటారని, ముసలాయన నవ్వుతూ కిటికీల తెరలన్నీ వేయించాడు. ఆ చీకట్లోనే చెప్పాడు.

ఎండిపోయిన బావిలో పడ్డ ముళ్లపంది కథ అది. చూలుతో ఉంది. పైన ఒక నక్క తిరుగుతూ ఉంటుంది. దాని అడుగుల చప్పుడు వింటూనే ఆ తల్లి, కడుపులోని పిల్లలకు, అవి చూడబోయే లోకాన్ని రోజుకు కొంచెం కొంచెం చెబుతుంటుంది. ఈరోజు కాలుతున్న రొట్టె వాసన, రేపు వాన.

చదివినప్పుడే రబాబ్‌కు అనుమానం తగిలింది. విన్నాక అది రూఢి అయింది. అమ్మ ఈ కథను ఎప్పుడూ గుసగుసగానే చెప్పేది, ఇంట్లో పిల్లిపిల్ల లేకపోయినా సరే. ఈయనా సరిగ్గా అలాగే గొంతు తగ్గించి, అవే మాటలు గుసగుసగా అన్నాడు.

బహుమతులిచ్చేవాళ్లకు గొడవంటే హడల్. అధ్యక్షురాలు జుబీదా సర్దిచెప్పబోయింది. అమ్మలూ అమ్మమ్మలూ చెప్పే కథలన్నీ ఒక తీరుగానే ఉంటాయంది. రబాబ్ వినలేదు. ఇది మా అమ్మ అల్లిన కథ, నాకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు అని భీష్మించుకుంది.

“సరే, మీ అమ్మ కథలో పిల్లలెన్ని?” అని జుబీదా అడిగింది.

“ఒక్కటే.”

“ఇందులో రెండు. చివర్లో నక్క మనసు కరిగి ఒక పిల్లను పైకి తీసి, ఇంటికి తీసుకెళ్లి పెంచుకుంటుంది. మీ అమ్మ చెప్పిందా అది?”

చెప్పలేదని రబాబ్ ఒప్పుకోక తప్పలేదు.

“మరి మేమంతా మెచ్చుకున్నది ఆ ముగింపునే కదమ్మా.”

హాజీ పక్కన కూర్చున్న ఆయన కూతురు షామా ఇక ఊరుకోలేకపోయింది. పుస్తకానికి బొమ్మలు వేసింది ఆమే.

“నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న ఈ కథ చెప్పే నన్ను నిద్రపుచ్చేవాడు. ఇప్పుడొచ్చి మీ అమ్మదంటావా? మీ అమ్మే మా గోడకు చెవి ఆనించి విందేమో, ఇంటికెళ్లి అడుగు.”

“దొంగసొత్తు తిని పెరిగినదానివి. నీకేం తెలుస్తుందిలే,” అంది రబాబ్.

నోరు జారానని తెలుస్తూనే ఉంది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. చదువు రాని అమ్మకు లోకంలో తనదంటూ ఉన్నది ఆ కథ ఒక్కటే. దాన్ని కూడా ఎవడో ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోవాలా?

ముసలాయన చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. గొడవ వద్దన్నాడు. మొదటి పేజీలోనే ఈ అమ్మాయి తల్లి పేరు వేయిస్తానని, కథ ఎవరిదైతేనేం, పిల్లలు వింటే చాలునని నెమ్మదిగా చెప్పాడు. జుబీదాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. ఆయన జేబులోంచి కలం తీశాడు.

“చెప్పు తల్లీ, మీ అమ్మ పేరేంటి?”

“ఇట్టో. అజ్రూ కొండల్లో మోహా కూతురు ఇట్టో.”

కలం కదల్లేదు. ఆయన రబాబ్ ముఖంలోకి చూశాడు.

“బతికే ఉందా?”

“ఎందుకుండదు? నిక్షేపంలా ఉంది.”

ఆయన లేచాడు. పుస్తకాన్ని పోటీలోంచి తీసేయమన్నాడు. జుబీదా బతిమాలినా ఆగలేదు. ఎందుకు నాన్నా అని షామా అడుగుతూనే ఉంది. ఈ రాత్రికే ఊరు విడిచిపోవాలంటూ కూతురిని రెక్క పట్టుకుని దాదాపు ఈడ్చుకుపోయాడు.

దొంగ దొరికిపోయాడని రబాబ్ పొంగిపోయింది. పుస్తకం చంకన పెట్టుకుని, నది దాటి సలాలో ఉన్న ఇంటికి చేరింది. అమ్మ పొయ్యి దగ్గర హరీరా చారు కలుపుతోంది. రబాబ్ జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. షామాను అన్న మాట కూడా దాచలేదు. అమ్మ నవ్వుతుందనుకుంది. అమ్మ గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, చదవమంది.

రెండు పిల్లల దగ్గరికి రాగానే మళ్లీ చదివించుకుంది. నక్క ఒక పిల్లను తీసుకెళ్లే చోట ఆపమంది. హరీరా అడుగంటుతున్న వాసన వస్తున్నా లేవలేదు.

“నీ కథలో ఒక్క పిల్లే కదమ్మా?”

“మొదట్లో రెండే. జైల్లో, కడుపుతో ఉన్నప్పుడు చెప్పుకున్న కథ అది.” జైలు మాట అమ్మ నోట రబాబ్ వినడం అదే మొదలు. “తలుపవతల కాపలావాడు ఒకడుండేవాడు. వినపడకూడదని గొంతు తగ్గించే చెప్పేదాన్ని. అయినా విన్నాడన్నమాట.”

“మరి ఒకటిగా ఎందుకు మార్చావు?”

“మీరు ఇద్దరు పుట్టారు. రెండోది ఊపిరి లేకుండా పుట్టిందని చెప్పి, ఆ కాపలావాడే గుడ్డలో చుట్టి పట్టుకుపోయాడు. ముఖమైనా చూపించలేదు. ఆ తర్వాత రెండు పిల్లలని చెప్పడానికి నాకు నోరు రాలేదు.”

 అమ్మ అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

“లే, పరుగెత్తు. వాడు ఊరు దాటకముందే పట్టుకోవాలి. నువ్వు తిట్టి పంపింది నీ చెల్లెల్ని.”