జూలైలో దుప్పట్లు

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఎండ మండిపోతోంది. కరోనాతో విమానాలు ఆగిపోయాయి కాబట్టి, ఆఫ్రికా దక్షిణాన ఉన్న లెసోతో జాతీయ విశ్వవిద్యాలయం పిల్లలకు విశ్వతేజ ఇంట్లోంచే భూగర్భశాస్త్రం చెబుతున్నాడు, పైన చొక్కా, కింద లుంగీతో. ఆ రోజు ల్యాప్‌టాప్ తెరిచి, తెర మీదికి వంగి చూశాడు. పిల్లలందరూ మెడ దాకా దుప్పట్లు కప్పుకొని ఉన్నారు.

"ఉదయా, క్లాసు క్లాసంతా కరోనా తగులుకున్నట్టుందే!"

"ముందు వాళ్లనడుగు," అంది భార్య వంటింట్లోంచి.

పాఠం చెప్పేవాడు అడుగుతాడా? ఆఫ్రికాలో చలి పుట్టిందంటే అది జ్వరమేనని తేల్చేశాడు. వాము నీళ్ల ఆవిరి పట్టమన్నాడు. మిరియాల కషాయం ఎలా కాచాలో కూడా చెప్పాడు. పాపం, పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

చివరికి పులేంగ్ అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, మాకు జ్వరాల్లేవు. ఇక్కడిప్పుడు చలికాలం. మాది కొండల దేశం కదా, బయట మంచు పడుతోంది. చలికాలం మేమంతా దుప్పట్లలోనే తిరుగుతాం." కాస్త ఆగి, జాలిగా అడిగింది. "ఇండియాలో ఎప్పుడూ ఎండలేనట కదా. మీరెప్పుడైనా మంచు చూశారా సార్?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

జర్మనీకి వచ్చిన కొత్తలో ఇంటి ఓనరమ్మ సరిగ్గా ఇదే అడిగింది. హిమాలయాలు ఎవరివనుకుంటోందా ముసలమ్మ అని, ఏ విందుకెళ్లినా విశ్వతేజ ఇప్పటికీ ఎగిరెగిరి పడతాడు.

అతను లుంగీ అంచుతో నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"మీది చూడలేదమ్మా," అన్నాడు. "చూపించు."