తప్పు పాడని ప్రతిధ్వని

పొద్దున్నే స్టూడియోకి ఆఖరి పాట ఇవ్వాలి. ఆల్బం మొత్తం కూలీల మీద. గాయకుడు మాత్రం ఒక్క కూలీతో మాట్లాడిన పాపాన పోలేదు. అందుకే రాత్రిపూట మైకు పట్టుకుని మూతబడ్డ మిల్లుకొచ్చాడు.

"ఇక్కడేం దొరుకుతుంది బాబూ? ఎలకలు కూడా ఖాళీ చేసి పోయాయి," అంటూ వాచ్‌మన్ షెడ్డు తలుపు తీసి, అతన్ని లోపలికి పంపి తను బయటే ఉండిపోయాడు.

గాయకుడు తన దగ్గరున్న పల్లవి పాడాడు. పై స్వరం దగ్గర ఎప్పటిలాగే గొంతు జారింది. ప్రతిధ్వని వచ్చింది. అది జారలేదు.

ఈసారి కావాలనే తప్పుగా పాడాడు. చీకట్లోంచి సరిగ్గా తిరిగొచ్చింది. బుద్ధున్నవాడైతే సంచీ సర్దుకునేవాడు. ఇతనికి పాట కావాలి.

"చరణం కూడా పాడు," అన్నాడు.

చీకటి అతని గొంతుతోనే చరణం పాడింది. అలాంటిది అతను జన్మలో రాయలేడు. సిగ్గు లేకుండా మొత్తం రికార్డు చేసుకున్నాడు.

"అయిపోయిందా బాబూ?" బయటినుంచి వాచ్‌మన్ కేకేశాడు.

"అయిపోయింది పెద్దాయనా, వచ్చేశాను. తాళం వేసేయండి." గుమ్మం అవతలినుంచి గాయకుడి గొంతే జవాబిచ్చింది.

గాయకుడు ఇంకా షెడ్డు మధ్యలోనే ఉన్నాడు. అరుద్దామని నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

తాళం పడింది.

"మెట్టుంది బాబూ, చూసుకుని నడవండి," అని వాచ్‌మన్ ఎవరికో చెబుతున్నాడు.